కల్లు పోసిన రొట్టె

మా అన్న మల్లేశానికి మూడొద్దుల నాడు పిట్టకు పెడుతుంటే, అన్న కొడుకు అజయ్ బండి మీద కోరుట్లకు పోయి ఒక పిజ్జా పట్టుకొచ్చాడు. వాగు ఒడ్డున మోదుగాకు విస్తరి పరిచి, అందులో బువ్వ, మటన్ కూర, గారెలు, చిన్న లొట్టిలో కల్లు అప్పటికే పెట్టి ఉన్నాయి. వాడు అట్టపెట్టె మూత తెరిచి రెండు ముక్కలు తీసి కూర పక్కన పెట్టాడు. "బాపుకు పిజ్జా అంటే పాణం," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవునని తలలూపారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. పాణమట! దగ్గర దగ్గర ముప్పై ఏళ్ళు మస్కట్‌లో పిజ్జా పొయ్యి ముందు నిలబడి చేతులు కాల్చుకున్న మనిషి, ఆ పొయ్యి ముందే గుండె ఆగి కూలిపోయి పెట్టెలో ఇంటికొచ్చిన మనిషి. ఆయనకు చచ్చిన తరువాత కూడా అదే పెడుతున్నారు.

మా వైపు పిట్టకు పెట్టడమంటే చిన్న సంగతి కాదు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ పెట్టి దూరంగా జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టిందంటే పోయినవాళ్ళకు ఏ కోరికా మిగల్లేదని. ముట్టలేదంటే మనసులో ఏదో పెట్టుకుని పోయారని. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి పోయినవాళ్ళకు మాటిస్తారు. ఆ రోజు కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి కానీ ఒక్కటీ దిగలేదు. వదిన ఏడ్చుకుంటూ ఏదో మాటిచ్చింది, దిగలేదు. నా వంతు వచ్చింది. నేను వెనక్కి జరిగాను. ఎండ ఎక్కుతోంది, అందరికీ ఆకలవుతోంది. మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, ఎనభై దాటిన మనిషి, కట్టె ఊతంగా లేచి అజయ్ భుజం మీద చెయ్యేశాడు. "కొడుకా, మీ బాపు జాగల నేను పోత అని చెప్పు. మస్కట్ల హోటలు షేఠు నీకు వీసా ఇస్తనన్నడు గదా. గా రంది తోటే ఉన్నట్టున్నడు. చెప్పు, గప్పుడు ముడుతది," అన్నాడు. అజయ్ నోరు తెరిచాడు. నేను "నోర్ముయ్" అని అరిచాను. వాగు అవతల బట్టలుతుకుతున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

చావింట్లో ఆడబిడ్డ అలా అరవడం ఎవరికీ నచ్చలేదు. టీచరమ్మకు చదువెక్కువై నోరు పెరిగిందని వెనక ఎవరో అన్నారు కూడా. వాళ్ళన్నది సగం నిజం. ఆ చదువు ఎట్లా వచ్చిందో వాళ్ళకు తెలియదు. తెలిసినవాళ్ళలో మమ్మల్ని కన్న అవ్వ పోయింది, బాపు పోయాడు. మిగిలింది నేను.

మాది కథలాపూర్ దగ్గర చిన్న ఊరు. మేము గౌండ్లోళ్ళం, బాపు కల్లు గీయడానికి తాళ్ళెక్కేవాడు. చెక్క మీద పలుగురాతి పొడి చల్లి బాపు కత్తులు నూరే చప్పుడుతోనే మాకు తెల్లారేది. ఆ చప్పుడు వినగానే అవ్వ లేచి లొట్లు కడిగి, లోపల పొగపట్టి, బోర్లించేది. ఇల్లంతా ఒక వాసన ఉండేది, కాస్త తీపి, కాస్త పులుపు, కాస్త తాటిపీచు కాలిన వాసన. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. ఇంటికొచ్చి ఏడిస్తే బాపు నవ్వేవాడు. "గా వాసనే మనకు బువ్వ పెడుతున్నది బిడ్డా," అనేవాడు. చెట్టు దిగగానే ముందుగా ఆకు దొప్పలో రెండు గుక్కలు నాకు పోసి, ఏ చెట్టు కల్లో చెప్పమనేవాడు. నేను చెప్పేదాన్ని. మగ పోద్దాడు కల్లేదో కాయ కాసే పండుతాడు కల్లేదో, నిన్నటి లొట్టి సరిగా కడగలేదో ఏమో, అన్నీ చెప్పేదాన్ని. బాపు కల్లు మండువలో కూర్చున్నవాళ్ళందరికీ వినిపించేటట్టు, "నా బిడ్డ నాలుక అబద్ధమాడది," అనేవాడు. ఆ మాటకు మా అన్న నాకంటే ఎక్కువ పొంగిపోయేవాడు. ఊళ్ళో ఎక్కడికి పోయినా "మా చెల్లె నాలుక" అని గొప్పలు చెప్పేవాడు. ఆ మాట అప్పుడు ఎంత తీపిగా ఉండేదో, ఇప్పుడు తలుచుకుంటే అంత మంట.

ఒక వానాకాలం పొద్దున మోకు తెగి బాపు తాడి మీది నుంచి పడ్డాడు. నడుము పోయింది. ప్రాణం మిగిలింది కానీ మంచం దిగలేదు. అన్నకు అప్పుడు ఇరవై నిండలేదు. చిన్నబాపు మా చెట్లు కూడా తనే ఎక్కుతానన్నాడు. అన్న తానే ఎక్కుతానన్నాడు. అవ్వ మాత్రం ఇద్దరి మాటా వినలేదు. "మొగన్ని చెట్టుకిచ్చిన, కొడుకును కూడ ఇయ్యాల్నా?" అంది. అప్పటికే మా వాడలో ప్రతి ఇంటినుంచీ ఒకరు దుబాయి పోయారు. మా వైపు ఏ గల్ఫు దేశమైనా దుబాయే. చెట్టు మీది నుంచి పడితే అందరికీ కనబడుతుంది. అక్కడ పడితే ఎవరికీ కనబడదు. తేడా అంతే అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాకెవరికీ అనిపించలేదు. ఏజెంటు ఆఫీసు పని అన్నాడు. తీరా పోయాక మస్కట్‌లో ఒక పిజ్జా హోటల్లో గిన్నెలు కడిగే పని. రెండేళ్ళు గిన్నెలు కడిగాక పిండి పిసికే పనిలో పెట్టారు. అక్కడ గోవా మనిషి ఒకాయన ఉండేవాడట. అన్న చేతులు చూసి, నీకు పిండి మాట వింటుంది అన్నాడట.

అన్న మొదటిసారి చుట్టీ మీద వచ్చినప్పుడు అందరిలాగే కంబళ్ళు, సెంటుసీసాలు, టార్చిలైటు తెచ్చాడు. వాటితో పాటు ఒక వింత వస్తువు తెచ్చాడు. పిడి చివర గుండ్రటి ఇనుప చక్రం. పిజ్జా కోసే కత్తి. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గరిజెల, అదే కజ్జికాయల, అంచులు కోయడానికి బాగా పనికొస్తుందని తీసుకుపోయి గూట్లో దాచుకుంది. అన్న పడీపడీ నవ్వాడు. మరునాడే నన్ను జగిత్యాల తీసుకుపోయాడు. అక్కడ కొత్తగా పెట్టిన బేకరీలో పిజ్జా దొరుకుతుందని ఎవరో చెప్పారట. నేను అప్పటిదాకా ఆ పేరే వినలేదు. తీపి బన్ను లాంటి రొట్టె మీద ఎర్రటి సాసు, పచ్చి క్యాబేజీ, ఉల్లిగడ్డ, పైన రబ్బరు లాంటిదేదో. నేను నోట్లో పెట్టుకోబోతుంటే అన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. "ముందుగాల అడుగు జూడు చెల్లె. గోరుతోని కొట్టు, టక్కుమనాలె. తర్వాత వాసన జూడు. నోట్లె పెట్టుడు ఆఖర్కి," అన్నాడు. అడుగు తెల్లగా, తడిగా ఉంది. గోరుతో కొడితే లోపలికి దిగింది. "బాగలేదు," అన్నాను. అన్న మొహం వెలిగిపోయింది. "సూసినవా, నీకు తెలిసిపోయింది," అన్నాడు. బేకరీ ఆయన మా ఇద్దరినీ గుర్రుగా చూశాడు.

తరువాత ప్రతి చుట్టీలోనూ మాకు అదే పని. రెండేళ్ళకోసారి వచ్చేవాడు, రెండు నెలలుండేవాడు. స్నేహితుల దగ్గర కూర్చునేవాడు కాదు. కోరుట్లలో ఒకాయన ఖీమా వేసి చేసేవాడు. పైది బాగుండేది, కింది రొట్టె ముందురోజుది. అది నేనే కనిపెట్టాను. ఎల్లంతకుంటలో మా మేనమామ ఇంటికి పోయినప్పుడు సిరిసిల్ల దాకా పోయాం. అక్కడ బేకరీ ఆయన ఒకప్పుడు బట్ట నేసే సాంచెలు నడిపినవాడు. బేరాలు లేక సాంచెలు ఇనుప సామాన్ల కింద అమ్మేసి, ఆ షెడ్డులోనే పొయ్యి పెట్టుకున్నాడు. గోడలకు ఇంకా దూది పట్టుకుని ఉంది. రొట్టె మీద కూడా ఒక పోగు కనబడింది. అన్న దాన్ని తీసి పక్కన పెట్టి, ఏమీ అనకుండా మొత్తం తిన్నాడు. "ఎట్లున్నదన్నా?" అని ఆయన ఆశగా అడిగితే, "పిండి ఇంకో గంట నాననియ్యి అన్నా. చెయ్యి బాగున్నది నీకు," అన్నాడు. బయటికొచ్చాక నేను, అబద్ధం ఎందుకు చెప్పావని దెబ్బలాడాను. "గాయన తన ఊళ్ళె తను పొయ్యి వెట్టుకున్నడు చెల్లె. గాయనకు అబద్ధం జెప్పినా పాపం తాకది," అన్నాడు. అన్న కళ్ళల్లో నీళ్ళున్నాయి. అప్పటికి నాకర్థం కాలేదు.

ఒకసారి హైదరాబాద్ పోయాం. జూపార్కు, చార్మినార్ చూశాక, ఏసీ ఉన్న పెద్ద పిజ్జా హోటలుకు తీసుకుపోయాడు. తలుపు దగ్గరి మనిషి మా కాళ్ళ చెప్పులు చూశాడు. లోపలి మనిషి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. అన్నకు ఇంగ్లీషు రాదు. కోపమొచ్చి అరబ్బీలో మొదలుపెట్టాడు. ఆ మనిషి కంగారుపడి మేనేజరును పిలుచుకొచ్చాడు. ఎవరో షేకుల మనుషులనుకున్నారో ఏమో, మంచి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇద్దరం కిందికి చూసుకుంటూ నవ్వాపుకోలేక చచ్చాం. తిన్న తరువాత అన్న ఒక్కసారి పొయ్యి చూస్తానన్నాడు. మేనేజరు కుదరదన్నాడు. "నేను కూడా గీ పనే చేత్త సారూ," అని అన్న తెలుగులో చెప్పాడు. అంతే, మేనేజరు మొహం మారిపోయింది. అప్పటిదాకా ఉన్న మర్యాద పోయింది. ఒక్క పొయ్యి చూపించడానికి వాడి సొమ్మేం పోయింది? మస్కట్‌లో వెనక వంటింట్లోంచి బయటికి రానివ్వరు, ఇక్కడ ముందు గదిలోంచి వంటింట్లోకి పోనివ్వరు. ఆ రాత్రి బస్సులో అన్న ఒక్కటే మాటన్నాడు. "చెల్లె, ఇగ నేను మల్ల పోను. కోరుట్లల పొయ్యి వెడుత."

పోననడం కాదు, నిజంగా పని మొదలుపెట్టాడు. వాకిట్లో పగిలిపోయిన పాత గోలెం ఒకటుండేది. దాన్ని బోర్లించి, పుట్టమన్ను, ఊక, పేడ కలిపి పైన మూడు పొరలు మెత్తి, ముందు నోరు కోసి పొయ్యి చేశాడు. వారం రోజులు ఎండబెట్టి, తాటిమట్టలు వేసి కాల్చాడు. కోరుట్ల బస్టాండు దగ్గర ఒక షట్టరు కూడా మాట్లాడుకొచ్చాడు. ఒకటే చిక్కు. పిండి పొంగడానికి వాడే పులుపు మందు బేకరీలవాళ్ళు పట్నం నుంచి తెప్పించుకుంటారు, మా వైపు విడిగా దొరకదు. అన్న రెండు రోజులు దిగులుగా తిరిగాడు. మూడోనాడు చిన్నబాపు లొట్టి దింపుతుంటే, పైకి ఉబికిన నురగ చూసి అన్న చిన్నపిల్లవాడిలాగా ఎగిరాడు. గోవా మనిషి చెప్పాడట, వాళ్ళ ఊళ్ళో కల్లుతోనే రొట్టె పొంగిస్తారని. "మన ఇంట్లనే ఉన్నది గదనే, దునియంత దేవులాడిన," అన్నాడు. చిన్నబాపు ఒక లొట్టి ఊరికే ఇచ్చాడు. అన్న ఆ కల్లు పోసి మైదా పిసికి, బాపు ధోవతి కప్పి, నీడలో పెట్టాడు. మధ్యాహ్నానికి అది తట్టలోంచి పైకి లేచింది. మంచం మీది నుంచి బాపు మెడ ఎత్తి చూస్తూ, లొట్టి నురగ లాగే ఉందని మురిసిపోయాడు. పడినప్పటి నుంచి బాపు అంతగా నవ్వడం అదే మొదలు.

పిండి పొంగుతుండగా అవ్వ నన్ను పెరట్లోకి పిలిచింది. అవ్వను ఇప్పుడు తిట్టాలని లేదు. తిట్టకుండా ఉండాలని కూడా లేదు. "వాడు నీ మాట ఇంటడు," అంది. "నువ్వు బాగుందంటే ఇగ కదలడు. కల్లు వోసిన రొట్టె బజార్ల ఎవలు కొంటరు? గౌండ్లోల్ల రొట్టె అని మొఖం మలుపుకుంట పోతరు. బాపు మందులెట్ల? నీ కాలేజెట్ల? బాగలేదను. ఒక్క మాట." నాకు అప్పుడే కరీంనగర్‌లో టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. ఉత్తరం నా పుస్తకాల మధ్య ఉంది. రోజుకు పదిసార్లు తీసి చూసుకునేదాన్ని. అవ్వ బలవంతం చేసిందని చెప్పుకుంటే హాయిగా ఉంటుంది. కానీ అవ్వ రెండోసారి అడగలేదు, అడగాల్సిన పని పడలేదు. నాకు చదువు కావాలి. అంతే. మా వాడలో నాతో బళ్ళో కూర్చున్న ఆడపిల్లలందరూ బీడీలు చుడుతున్నారు. నేను చుట్టదలుచుకోలేదు.

పొయ్యిలోంచి మొదటి రొట్టె తీసినప్పుడు వచ్చిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. టమాటా ఉడికించి వెల్లిపాయతో నూరిన తొక్కు, పచ్చిమిరప, అన్న తెచ్చిన డబ్బా చీజు. అంచులు ఉబ్బి, అక్కడక్కడ నల్లటి మచ్చలు. ఆ చక్రం కత్తితో ముక్కలు కోస్తుంటే పెళపెళమని చప్పుడు. బాపు ఒక ముక్క తిని ఇంకోటి అడిగాడు. చిన్నబాపు బాగుందిరా అన్నాడు. పక్కింటివాళ్ళు బాగుందన్నారు. అవ్వ కూడా కళ్ళు దించుకుని బాగుందంది. అన్న ఎవరి మాటా వినడం లేదు. ముక్క నా చేతిలో పెట్టి నా ముందర గొంతుక్కూర్చున్నాడు. మోచేతుల దాకా పిండి, దాని కింద పాత కాలిన మచ్చలు. "చెల్లె, నువ్వు బాగుందంటే నేనుంట. లేకుంటే సోమారం ఎల్లిపోత," అన్నాడు.

నేను అడుగు చూశాను. గోరుతో కొట్టాను. టక్కుమంది. వాసన చూశాను. నోట్లో పెట్టుకున్నాను. మొదట కరకర, తరువాత మెత్తగా, ఆఖర్న ఎక్కడో లేతగా కల్లు పులుపు, పొద్దున బాపు దొప్పలో పోసిన మొదటి గుక్క లాంటి పులుపు. ఆ తరువాత ఎన్ని చోట్ల తిన్నాను! స్టాఫుతో కలిసి గోవా పోయినప్పుడు సముద్రం ఒడ్డున తిన్నాను, బెంగళూరులో తిన్నాను, పేరున్న ప్రతి చోటా తిన్నాను. అంతటి రొట్టె మళ్ళీ నా నోటికి తగల్లేదు. "బాగలేదు," అన్నాను. "అడుగు మాడింది. కల్లు వాసన గొడుతున్నది. బజార్ల ఎవ్వలు తినరు." అన్న నాకు నేర్పిన మాటలనే ఒక్కొక్కటిగా తీసి వాడాను. బాపు మంచం మీది నుంచి నన్నే చూస్తున్నాడు. "నీ నాలుకకు ఏమైందే?" అన్నాడు. నేను తల ఎత్తలేదు. అన్న బాపును గదమాయించాడు. "ఊకో బాపు. దానికి బాగలేదంటే బాగలేదే."

మిగిలిన పిండి బర్రెకు పెట్టాడు. సోమవారం వెళ్ళిపోయాడు. ఆ పొయ్యిని రెండు వానాకాలాలు మింగేశాయి. నేను ట్రైనింగు చేశాను, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, నాలుగు వాక్యాలు రాయడం వచ్చింది. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా ఆ చదువుతోనే, ఆ అబద్ధంతోనే. చక్రం కత్తి నా దగ్గరే ఉంది. పండక్కి గరిజెలు చేసినప్పుడల్లా అది పిండి మీద సాఫీగా దొర్లుతుంది, నాకు ఒళ్ళు మండుతుంది. ఏడాది కిందట జగిత్యాలలో ఒక కొత్త హోటలు ముందు బోర్డు చూశాను. కట్టెల పొయ్యి, మట్టి పొయ్యి, సహజంగా పులిసిన పిండి. ముందు కుర్రకారు వరస కట్టి ఉన్నారు. ఎవరి పొయ్యిరా అది? ఎవరి పిండి? గౌండ్లోళ్ళ రొట్టె అని ఎవరు మొహం తిప్పుకుంటున్నారు ఇప్పుడు? రోడ్డు మీద నిలబడి గట్టిగా అరవాలనిపించింది. అరిచి ఏం లాభం. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు.

మళ్ళీ వాగు ఒడ్డుకొస్తే, నేను అరిచిన తరువాత కాసేపటికి ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ రెండడుగులు గెంతి, మటన్ ముక్క ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. "ముట్టింది, ముట్టింది!" అని అందరూ చేతులు జోడించి, కాళ్ళు కడుక్కుని బువ్వకు కదిలారు. ఇక మల్లేశానికి ఏ కోరికా లేదట. మల్లేశం కోరిక కాకికి చెబితే తీరేదా? పిజ్జా ముక్కల వైపు ఏ కాకీ చూడలేదు, చీమలు మాత్రం పట్టాయి.

ఇంటికొచ్చాక అజయ్ మిగిలిన పిజ్జా పెట్టె తీసుకొచ్చి, ఒకప్పుడు పొయ్యి ఉన్న చోటే వాకిట్లో నా పక్కన కూర్చున్నాడు. నేను ఒక ముక్క తీసి, అడుగు చూసి, గోరుతో కొట్టాను. అలవాటు. వాడు నన్నే చూస్తున్నాడు. "బాపు కూడ గిట్లనే కొట్టెటోడు," అన్నాడు. తరువాత నెమ్మదిగా, "అత్తా, నువ్వు చెప్పు. నేను మస్కట్ పోవాల్నా వద్దా? అందరు పొమ్మంటున్నరు. నువ్వు ఒద్దన్నట్టు అరిచినవు. బాపు పోన్ల ఎప్పుడు అంటుండె, ఏదన్న తెలువకుంటె అత్తను అడుగు, అబద్ధం చెప్పది అని."

"గట్లెందుకు అన్నడు?" అన్నాను.

"గీ పొయ్యి ముచ్చట చెప్పెటోడు. గా దినం అందరు నా మొఖం జూసి బాగుందన్నరు, మీ అత్త ఒక్కతే రొట్టెను జూసి చెప్పింది, గామె చెప్పకుంటే షట్టరు వెట్టి మునిగిపోదును, అని. ఇంట్ల నిజం చెప్పెటోళ్ళు ఒక్కలన్న ఉండాలె అనెటోడు."

పాతికేళ్ళు. ఆ పొయ్యి ముందు నిలబడి, చేతులు కాలినప్పుడల్లా, నా అబద్ధానికి దండం పెట్టుకుంటూ బతికాడు మా అన్న. ఒక్కసారి అనుమానపడినా బాగుండేది. ఒక్కసారి నన్ను తిట్టినా బాగుండేది. నా మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే చేతిలోని ముక్కను వాకిట్లోకి విసిరేశాను.

"గా రొట్టె బాగుండెరా," అన్నాను. "నా జన్మల గసొంటిది మల్ల తినలేదు. నేను అబద్ధం చెప్పిన."

"ఎందుకత్తా?" అన్నాడు.

"సదువుకుందామని."

అజయ్ పెట్టె మూత వేశాడు. నా వైపు చూడలేదు. "మరి గిప్పుడు పోవద్దంటున్నవు. గిదన్న నిజమేనా?" అన్నాడు. వాడి గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు. వాడికి ఏ ఒట్టు వేసి చెప్పను? బాపు మండువలో అందరి ముందూ పొగిడిన నా నాలుక, అన్న జీవితాంతం నమ్మిన నా నాలుక, తీరా వీడికి అక్కరపడినప్పుడు దేనికీ పనికిరాకుండా పోయింది.

"నా మాట నమ్మకు," అన్నాను. "నువ్వే తిని, నువ్వే చెప్పు."

లేచి అరుగు మీద కూర్చున్న చిన్నబాపు దగ్గరికి పోయాను. ఆయన ఇప్పుడు చెట్లెక్కడం లేదు, కొడుకు ఎక్కుతున్నాడు. "చిన్నబాపు, రేపు పొద్దుగాల నాకొక లొట్టి కల్లు కావాలె," అన్నాను.

"తాగుతవా ఏందే?"

"తాగనీకి కాదు. పిండిల పొయ్యనీకి."

ఆయన కట్టె మీద గదమ ఆనించి నా మొహంలోకి చూశాడు. ఆ రోజు ఆ లొట్టి ఇచ్చింది ఆయనే, మొదటి రొట్టెలో ముక్క తిన్నవాడు కూడా.

"గా రుచి గిన్నేండ్లకు యాదికచ్చిందానే?" అన్నాడు.